కత్తిరించిన బొమ్మ – మార్చిన బొమ్మ

సెన్సారు అంటే కత్తెర అని యిన్నాళ్లూ అనుకుంటూ వచ్చాం. అనుకోవడంలో తప్పు లేదు. మొన్నమొన్నటి దాకా సెన్సారు చేతిలో వున్న ఆయుధం దాదాపు అదొక్కటే. దాని మీద మన రచయితలూ కళాకారులూ చాలాకాలం నుంచి పోరాడుతున్నారు, యింకా పోరాడవలసే వుంది. కాని ఆ కత్తెరలో ఒక సుగుణం వుండేది. దాన్ని మనం గుర్తించలేదు. కత్తెర కోసిన చోట గాటు కనిపిస్తుంది. మాట సగంలో తెగుతుంది. పాట ఒక్క గెంతు గెంతుతుంది. నాయికా నాయకులు దగ్గరికి వస్తూ వుండగానే భళ్లున తెల్లవారిపోతుంది. నేలటిక్కెట్టు వాడు వెంటనే పసిగట్టి "ముక్క కోసేశార్రోయ్!" అని కేక వేస్తాడు. యేం కోశారో వాడికి తెలియదు గాని, కోశారని తెలుసు. కోసిన చెయ్యి యెవరిదో కూడా తెలుసు.

2025 సెప్టెంబరులో చైనాలో జరిగిన పని చూస్తే ఆ సుగుణం విలువ తెలుస్తుంది. "టుగెదర్" అని ఒక ఆస్ట్రేలియా భయానక చిత్రం వుంది. మైకేల్ షాంక్స్ దాని దర్శకుడు. నిజజీవితంలో కూడా భార్యాభర్తలైన డేవ్ ఫ్రాంకో, ఆలిసన్ బ్రీ అందులో ముఖ్యపాత్రధారులు. కథలో ఒకచోట యిద్దరు పురుషుల పెళ్లి దృశ్యం వస్తుంది. చైనాలో ముందస్తు ప్రదర్శనలు మొదలైనప్పుడు తెర మీద ఆ యిద్దరిలో ఒకడు లేడు. అతని చోట ఒక స్త్రీ వుంది. దృశ్యాన్ని తీసెయ్యలేదు, పెళ్లిని తీసెయ్యలేదు. కృత్రిమ మేధ సాయంతో పురుషుని ముఖాన్ని స్త్రీ ముఖంగా మార్చారు. గెంతు లేదు, గాటు లేదు. అసలు చిత్రంలోని బొమ్మలను పక్కన పెట్టి పోల్చి చూసినప్పుడు గాని మోసం బయటపడలేదు. చిత్రానికి అంతర్జాతీయ పంపిణీదారైన నియాన్ సంస్థ, యీ మార్పు తన అనుమతి లేకుండా జరిగిందనీ, ప్రదర్శన ఆపాలనీ ప్రకటించింది. ఆ నెల 19న జరగవలసిన విడుదల వాయిదా పడింది.

కత్తెరకూ దీనికీ వున్న తేడా పరిమాణంలో లేదు, స్వభావంలోనే వుంది. కత్తెర కళాకారుని నోరు మూస్తుంది. యీ యంత్రం కళాకారుని నోట తన మాట పలికిస్తుంది. ఒకని పత్రాన్ని చించెయ్యడం ఒక నేరం. ఆ పత్రంలో అంకెలు దిద్ది, కింద అతని సంతకాన్ని అలాగే వుంచడం మరొక నేరం. మొదటిది దౌర్జన్యం. రెండోదాన్ని వూళ్లో కరణాల కాలం నుంచీ ఫోర్జరీ అనే అంటున్నారు. మైకేల్ షాంక్స్ తియ్యని పెళ్లి, మైకేల్ షాంక్స్ పేరు మీద, టిక్కెట్టు డబ్బులు తీసుకొని చూపించారు.

"చైనా సంగతి మనకెందుకు? అక్కడి ప్రభుత్వమే అలాంటిది" అని చేతులు దులుపుకునేవారున్నారు. వాళ్లు 2023 జూలైలో మన హాళ్లలో ఆడిన "ఓపెన్‌హైమర్"ను గుర్తు చేసుకోవాలి. ఆటంబాంబు తయారు చేసిన శాస్త్రవేత్త కథ అది. అందులో ఫ్లోరెన్స్ ప్యూ అనే నటి నగ్నంగా కుర్చీలో కూర్చున్న దృశ్యం ఒకటుంది. మన దేశంలో చూపిన ప్రతిలో ఆమె వంటి మీద నల్లని గౌను వుంది. ఆ గౌను యే దర్జీ కుట్టిందీ కాదు, కంప్యూటరు కుట్టింది. యెవరు తొడిగితేనేం, దాని ఫలితం యు/ఏ సర్టిఫికెట్టు. అమెరికాలో పెద్దల తోడు లేకుండా పదిహేడేళ్ల లోపువారు చూడకూడదన్న చిత్రం యిక్కడ పిల్లాజెల్లా చూసే చిత్రమైంది. రెండేళ్ల తర్వాత, 2025 జూలైలో, "సూపర్‌మాన్" వచ్చింది. అందులో ఒక ముద్దును మన బోర్డు 33 సెకన్ల మేరకు కోయించింది. కోత కనిపించింది. జనం యెగతాళి చేశారు, పత్రికలు రాశాయి, బోర్డు నలుగురిలో నవ్వులపాలైంది.

కొమరోలులో నా దగ్గర చదివే పిల్లల్లో యీ రెండు చిత్రాలూ చూసినవారున్నారు. సూపర్‌మాన్ ముద్దు కోసిన సంగతి వాళ్లు నాకు చెప్పారు. ఓపెన్‌హైమర్‌లో గౌను సంగతి నేను వాళ్లకు చెప్పవలసి వచ్చింది. ఒకడైతే, "అంతసేపు ఆమె గౌను వేసుకొనే కూర్చుంది గదా సార్, మేము చూశాం గదా!" అని నాతో వాదించాడు కూడా. వాడి తప్పేముంది? వాడి కళ్లు వాడికి సాక్ష్యం చెబుతున్నాయి. యిదే నేను చెప్పదలచుకున్నది: కోత మీద ప్రేక్షకుడు తిరగబడగలడు, మార్పుకు ప్రేక్షకుడే సాక్షి అవుతాడు.

మన 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టం నాలుగో సెక్షనులో బోర్డుకు రెండు అధికారాలున్నాయి. ఒకటి తొలగింపులు చెయ్యమనడం, రెండోది మార్పులు చెయ్యమనడం. చట్టం రాసిన రోజున మార్పు అంటే మహా అయితే ఒక మాట మింగించడం, ఒక పేరు దిద్దడం. ఒక మనిషి ముఖం తీసి యింకొకరి ముఖం పెట్టడమనేది రాసినవారి వూహకు అందేది కాదు. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. పిల్లల వయసును బట్టి యు/ఏ లో యేడు, పదమూడు, పదహారు అని మూడు మెట్లు పెట్టారు, దొంగ ప్రతులు తీసేవారికి శిక్షలు పెంచారు. ఆ చిన్న మాటను మాత్రం ముట్టుకోలేదు. డెబ్బయ్యేళ్లుగా పళ్లు లేకుండా పడివున్న ఆ మాటకు యంత్రం యిప్పుడు పళ్లు కట్టింది.

చైనా ప్రసక్తి వచ్చింది గనుక ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. మన శిబిరంలో కొందరికి యీ విషయం మాట్లాడాలంటే నాలుక మడత పడుతుంది. మడత పడవలసిన పని లేదు. బి.యన్. రెడ్డి గారి "మల్లీశ్వరి" (1951) చైనాకు వెళ్లింది. 1953లో చైనా భాషలో కింద అక్షరాలు వేసుకొని పెకింగులో ఆడింది. భానుమతి ముఖం భానుమతి ముఖంగానే వుంది. రాయలవారి అంతఃపురం చైనా రాజుల అంతఃపురం కాలేదు. పరాయి దేశపు కళను గౌరవించడమంటే అదీ. అదే దేశంలో డెబ్బయిరెండేళ్ల తర్వాత అతిథిగా వచ్చిన చిత్రానికి ముఖం మార్చి పంపితే, దాన్ని ఖండించడానికి యే సిద్ధాంతమూ అడ్డు రానక్కర్లేదు. అడ్డు వస్తుందనేవారు, స్టాలిను పక్కన కాలవగట్టున నడిచిన యెజోవ్ అనే మంత్రి 1940లో మరణశిక్ష పొందిన తర్వాత ఆ ఛాయాచిత్రంలో నుంచి యెలా మాయమయ్యాడో ఒకసారి చూడాలి. అతనున్న చోట నీళ్లు గీశారు. ఆ నీళ్లు గీసిన కుంచే ఇవాళ యంత్రమై వచ్చింది. దానికి రంగు లేదు, జెండా లేదు. యెవరు అద్దెకు తీసుకుంటే వారికి పని చేస్తుంది.

యిక మన సంస్కృతీ పరిరక్షకుల వాదన. పరాయి సినిమాల్లో మన ఆచారాలకు సరిపడని దృశ్యాలు వుంటాయట, కోస్తే కథ తెగిపోతుందట, కాబట్టి మార్చి చూపిస్తే కథా నిలుస్తుంది, కళ్లూ పాడుకావట! యెంత సౌకర్యం! యీ పెద్దమనుషులు ఒక చిన్న సంగతి దాటవేస్తున్నారు. పిల్లలకు తగదంటే, పిల్లలకు తగదని చెప్పి వయసు నిర్ణయించవచ్చు. దానికి చట్టంలో మెట్లున్నాయి. పెద్దలకు కూడా తగదంటే, పెద్దలకు యేది తగునో నిర్ణయించే పెద్దలు మీరెవరని అడగవలసి వస్తుంది. యిద్దరు పురుషులు పెళ్లి చేసుకోవడం ఒకనికి నచ్చకపోవచ్చు. నచ్చకపోతే సినిమాను తిట్టవచ్చు, మధ్యలో లేచి రావచ్చు. కాని అలాంటి మనుషులు ప్రపంచంలో లేరన్నట్టు, పరాయివాడు వాళ్ల గురించి కథే చెప్పలేదన్నట్టు బొమ్మ తయారు చేసి చూపడానికి నచ్చకపోవడం అనేది ఆధారం కాదు. అలాంటి మనుషులు గిద్దలూరులోనూ వున్నారు, కంభంలోనూ వున్నారు. వాళ్లు యెవరికీ చెప్పుకోలేక బతుకుతున్నారు. 2018లో సుప్రీంకోర్టు వాళ్ల ప్రేమ నేరం కాదన్నది. చట్టం మీద నేరస్థులు కాకుండా పోయినవారిని తెర మీద మనుషులే కాకుండా చెయ్యడం యెలాంటి సంస్కృతి?

మన సొంత చరిత్రలోకి వద్దాం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు "రైతుబిడ్డ" తీశారు. ఆ సంస్థకు వెన్నుదన్నుగా నిలిచిన చల్లపల్లి రాజా స్వయంగా జమీందారు. చిత్రం జమీందారీ మీద తిరుగుబాటు. అలాంటి చిత్రాలు ఆ రోజుల్లోనే సాధ్యమయ్యాయి, అది వేరే సంగతి. జమీందారుకు యెదురు నిలిచిన రైతుగా బళ్లారి రాఘవ నటించారు. జమీందార్లు కళ్లెర్ర చేశారు, చిత్రం నిషేధానికి గురైంది. నిషేధం దుర్మార్గమే. కాని ఆ నిషేధమే రైతుబిడ్డకు చరిత్రలో స్థానం యిచ్చింది. యెందుకు నిషేధించారని అడిగినవాడికి జమీందారీ యేమిటో అర్థమయ్యేది.

ఆ జమీందార్ల చేతిలో 2025 నాటి యంత్రం వుండివుంటే యేం చేసివుండేవారో వూహించండి. నిషేధం పెట్టేవారు కారు. నిషేధం పెట్టి చెడ్డపేరు తెచ్చుకోవలసిన అవసరమేముంది? పల్లె అలాగే వుంచేవారు, పొలాలూ పాటలూ అలాగే వుంచేవారు. రాఘవ గారి ముఖం కూడా అలాగే వుంచేవారు. ఆ ముఖాన్ని చూడటానికే గదా జనం వచ్చేది! ఆఖరున ఒక్క నిమిషం చాలు. రాఘవ గారి పెదవులు కదిలి, "దొరా, బుద్ధి గడ్డి తిని యెదురు తిరిగాను, తప్పు కాయండి" అంటాయి. దొర శిస్తులో అణా తగ్గిస్తాడు. కలెక్టరు అధ్యక్షతన నూరురోజుల పండగ జరుగుతుంది. రైతులు టిక్కెట్టు కొనుక్కొని వెళ్లి, తమ ఓటమిని చూసి, చప్పట్లు కొట్టి యింటికి వస్తారు.

అంతటితో అయిపోదు. ముప్పై యేళ్ల తర్వాత మనలాంటి విమర్శకుడొకడు ఆ చిత్రం చూసి, రామబ్రహ్మం జమీందార్ల తొత్తు అని యిలాంటి పత్రికలోనే ఇరవై పేజీల వ్యాసం రాస్తాడు. ప్రింటు సాక్ష్యం చూపిస్తాడు. అతన్ని కాదనడానికి యెవరి దగ్గరా ఆధారం వుండదు. నిషేధం రచయితను బాధితుణ్ణి చేస్తుంది, దొంగమార్పు రచయితను ముద్దాయిని చేస్తుంది. "మాలపిల్ల" (1938) సంగతి చెప్పనే అక్కర్లేదు. పురుషుణ్ణి స్త్రీగా మార్చగలిగిన యంత్రానికి కులం మార్చడం యెంతసేపు? ఒక్క పేరూ, నాలుగు మాటలూ మారిస్తే ఆ పెళ్లి యే అగ్రహారంలోనైనా ఆడుతుంది.

సాహిత్యం చదువుకున్నవారికి యీ రోగం కొత్తది కాదు. దీని పేరు ప్రక్షిప్తం. వేమన పేరు మీద వేలకొద్దీ పద్యాలున్నాయి; అందులో వేమన చెప్పినవి యెన్నో, వేమన నోట ఇతరులు చెప్పించినవి యెన్నో తేల్చలేక పండితులు యిప్పటికీ తంటాలు పడుతున్నారు. కులాన్ని తిట్టిన పద్యం పక్కనే కులాన్ని పొగిడిన పద్యం! రెండింటి చివరా ఒకే మకుటం! మకుటమంటే సంతకం. సంతకాన్ని వుంచి సరుకు మార్చడం మనవారికి యెప్పటి నుంచో తెలుసు.

కోతకూ ప్రక్షిప్తానికీ తేడా చూపే కథ మన సాహిత్యంలోనే ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి "రాధికాసాంత్వనం" రాసింది. పందొమ్మిదో శతాబ్దిలో దాన్ని అచ్చువేసిన పండితుడు కొన్ని పద్యాలనూ, ఆమె తన వంశం గురించి, స్త్రీల వైపు నుంచి, చెప్పుకున్న పీఠికనూ వదిలేశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు అచ్చుప్రతి చదివి, తర్వాత వ్రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. యెక్కడ కోశారో తెలిసిపోయింది. కోసిన పద్యాలన్నీ చేర్చి 1910లో వావిళ్లవారి చేత వేయించారు. మరుసటి యేడే తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా వున్న రోజులకు గాని తొలగలేదు. దేవదాసి కులంలో పుట్టిన ఒక స్త్రీ రాసినదాన్ని, అదే కులంలో పుట్టిన మరొక స్త్రీ నూటయాభై యేళ్ల తర్వాత బతికించిన ఘట్టం మన సాహిత్య చరిత్రలో చాలా గొప్పది. దాన్ని తరగతిలో చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుందని పిల్లలు అంటూ వుంటారు.

యిది యెలా సాధ్యమైంది? ఆ పండితుడు కోశాడు గనుక. ఆయన కోసే బదులు, కోసిన పద్యాల స్థానంలో తానే మడికట్టుకున్న పద్యాలు, ముద్దుపళని శైలిలోనే, ముద్దుపళని పేరు మీదే రాసి అతికించి వుంటే? ఆ వ్రాతప్రతిని కూడా పారేసి వుంటే? ఇవాళ విశ్వవిద్యాలయాల్లో ముద్దుపళనిని మర్యాదస్తురాలైన భక్తకవయిత్రిగా పాఠం చెబుతూ వుండేవాళ్లం. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాన్ని తుడవడానికి వీల్లేదు. గీకితే ఆకు చిల్లు పడుతుంది. మా మార్కాపురం పలక అలాంటిది కాదు. తడిగుడ్డ పెట్టి ఒక్కసారి తుడిస్తే నిన్నటి పాఠం జాడ వుండదు. ఫిల్ము రీలుది తాటాకు జాతి. కంప్యూటరులో కూర్చున్న నేటి సినిమాది పలక జాతి. యింటింటికీ, ఫోను ఫోనుకీ వెళ్లే బొమ్మ ఒక్క చోటనే వుంటుంది. అక్కడ తుడిచి రాస్తే రాత్రికి రాత్రి ప్రపంచమంతటా మారిపోతుంది. పోల్చి చూడటానికి రెండో ప్రతి నాగరత్నమ్మకు దొరికినట్టు మనకు దొరకదు.

యిక్కడ ఒక మిత్రుడు లేవదీసిన అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. "పరాయి సినిమాలకు తెలుగు మాటలు అతికించుకుంటున్నాం గదా, డబ్బింగు మాత్రం మార్పు కాదా? డబ్బింగుకు లేని అభ్యంతరం దీనికెందుకు?" అని అతని ప్రశ్న. మంచి ప్రశ్నే. 1950లో ఒక హిందీ చిత్రపు తెనుగుసేత "ఆహుతి"కి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. తెలుగులో డబ్బింగు రచనకు దారి వేసిందే ఆయన. ఆ పని యెలాంటిదో తెలిసినవారు యీ పోలిక తేరు. తెర మీద నటుని పెదవులు యెక్కడ కలుస్తాయో అక్కడ ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. నోరు తెరిచి వున్నప్పుడు దీర్ఘం పడాలి. అతను వూపిరి తీసుకునే చోట మాట ఆగాలి. పూర్వకవులు పెదవులు తగలకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాసి మెప్పు పొందారు. డబ్బింగు రచయితకు అదే శిక్ష తిరగేసి వేశారు, మెప్పు మాత్రం యివ్వలేదు. యింత కష్టం దేనికి? నటుని ముఖం మారదు గనుక. మాట వచ్చి ముఖానికి లొంగాలి. నటుడు చేసిన పనికి రచయిత కట్టుబడి వుండాలి. అందులో ఒక మర్యాద వుంది. ఒక శ్రామికుడు మరొక శ్రామికుని పనికి యిచ్చే మర్యాద. పైగా డబ్బింగు సినిమాను డబ్బింగు సినిమా అనే అమ్ముతారు. అమెరికావాడికి తెలుగు వచ్చని చూసేవాడెవడూ అనుకోడు.

యిప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. ముఖం వచ్చి మాటకు లొంగుతుంది. యే మాట పెడితే ఆ మాటకు పెదవులు కదులుతాయి. 2022లో "ఫాల్" అనే ఇంగ్లీషు చిత్రంలో బూతుమాటలు ముప్పైకి పైగా వుంటే, తక్కువ వయసు వారు చూడదగిన సర్టిఫికెట్టు కోసం ఆ మాటలు పలికిన నోళ్లనే యంత్రంతో మార్చారు. మార్చింది యెవరో కాదు, దర్శకుడు స్కాట్ మానే. ఆ యంత్రం తయారు చేసిన కంపెనీ స్థాపకుల్లో ఆయన ఒకడు. తన బొమ్మను తానే మార్చుకున్నాడు గనుక అందులో ఫోర్జరీ లేదు, అది ఒప్పుకుంటాను. కాని యింకొక ప్రమాదం వుంది. యింతకు ముందు ఒక దృశ్యం మళ్లీ తియ్యాలంటే నటులను పిలిపించాలి, సెట్టు వెయ్యాలి, లక్షలు పొయ్యాలి. ఆ ఖర్చు భయమే నిర్మాత చేత బోర్డుతో పేచీ పెట్టించేది. మార్చడం చౌక అయిందంటే పేచీ యెవడు పెడతాడు? అడిగేవాడు యెక్కువ అడుగుతాడు, యిచ్చేవాడు అడగకముందే యిస్తాడు.

2025లో ఒక మలయాళ చిత్రంలో అత్యాచారానికి గురైన యువతికి జానకి అనే పేరు పెడితే, అది సీత పేరు గనుక కూడదన్నారు. తగవు కేరళ హైకోర్టుకు పోయింది. చివరికి పేరులో ఒక "వి" అక్షరం చేర్చి, కోర్టు దృశ్యంలో పేరు వినిపించకుండా చేసి జూలైలో విడుదల చేశారు. శబ్దం ఆగిన ప్రతిచోటా ప్రేక్షకుడు జానకి, జానకి అని మనసులో అనుకునే వుంటాడు! మన దగ్గర 2019లో "కమ్మరాజ్యంలో కడపరెడ్లు" అన్న పేరు "అమ్మరాజ్యంలో కడపబిడ్డలు" అయింది. ఆ చిత్రాన్ని మెచ్చుకోవలసిన అవసరం నాకు లేదు. కాని కొత్తపేరు చదివిన ప్రతివాడూ పాతపేరు తలచుకొని నవ్వాడు. వికారమైన మార్పు తనను తాను పట్టిస్తుంది. టీవీలో మద్యం సీసా మీద వేసే మసక కూడా అంతే. ఆ మసకను చూసి విసుక్కునేవాణ్ణి. యిప్పుడు దాని నిజాయితీ మీద గౌరవం కలుగుతున్నది. రేపు జానకి అనే పిలుపు మరొక పేరుగా, అదే నటి గొంతుతో, అదే పెదవులతో వినిపిస్తుంది. కోర్టుకు పోవడానికి తగవే వుండదు.

కోర్టు మాట వచ్చింది గనుక ఖ్వాజా అహ్మద్ అబ్బాస్‌ను తలచుకోకుండా వుండలేను. అభ్యుదయ రచయితల ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన మనిషి. నాలుగు మహానగరాల్లో ఐశ్వర్యమూ దరిద్రమూ పక్కపక్కన యెలా వున్నాయో చూపుతూ 1968లో ఒక చిన్న చిత్రం తీశాడు. బొంబాయిలో వేశ్యావాటిక దృశ్యాలు కోస్తే తప్ప అందరూ చూసే సర్టిఫికెట్టు యివ్వమన్నారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. విచారణ సాగుతూ వుండగానే ప్రభుత్వం కోతలు లేకుండా సర్టిఫికెట్టు యిస్తానన్నది; అయినా ఆయన సూత్రం తేలాలని పట్టుబట్టాడు. 1970లో వచ్చిన తీర్పు సెన్సారునే నిలబెట్టింది గాని, సెక్సు వేరు, అశ్లీలం వేరు అనీ, కళ విలువను సెన్సారు గుర్తించాలనీ చెప్పింది. అబ్బాస్ పోరాడగలగడానికి ఒక్కటే కారణం: యిది కోయమని అతనికి కాగితం మీద రాసి యిచ్చారు. కోతకు ఉత్తర్వు వుంటుంది, ఉత్తర్వుకు అప్పీలు వుంటుంది. (ఆ అప్పీలు వినడానికి వుండిన ట్రిబ్యునలును 2021లో రద్దు చేశారు, యిప్పుడు నేరుగా హైకోర్టుకే పోవాలి.) పంపిణీదారు గదిలో కూర్చొని తానే మార్చేసిన దృశ్యానికి ఉత్తర్వు యెక్కడ? అప్పీలు యెక్కడ?

ప్రభుత్వాలనే తిట్టి వూరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. 2025 ఆగస్టు 1న "రాంఝణా" అనే హిందీ చిత్రపు తమిళ రూపం "అంబికాపతి" మళ్లీ విడుదలైంది. 2013లో వచ్చిన అసలు చిత్రంలో ధనుష్ పోషించిన నాయకుడు చనిపోతాడు. కొత్తదానిలో ఆస్పత్రి మంచం మీద కళ్లు తెరుస్తాడు. యంత్రం బతికించింది! యే సెన్సారూ అడగలేదు, యే మఠమూ బెదిరించలేదు. హక్కులున్న ఈరోస్ కంపెనీకి యింకో నాలుగు డబ్బులు వస్తాయనిపించింది, అంతే. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ అభ్యంతరం చెప్పాడు. పన్నెండేళ్ల కిందట తాను ఒప్పుకున్న చిత్రం యిది కాదని ధనుష్ ప్రకటించాడు. ఆస్తి మాది, మా యిష్టం అన్న ధోరణే కంపెనీది.

ఆస్తి మాది! యీ మాటకు మన చట్టం వత్తాసు పలుకుతున్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం నవలకు కర్త రాసినవాడు, బొమ్మకు కర్త గీసినవాడు. సినిమాకు కర్త మాత్రం నిర్మాత, అంటే డబ్బు పెట్టినవాడు. యాభై యేడో సెక్షను కర్తకు తన కృతిని వికృతం చెయ్యనివ్వకుండా అడ్డుకునే హక్కు యిచ్చింది. ఆ సెక్షను ఆధారంగానే హిందీ నవలాకారిణి మన్నూ భండారీ తన నవలను సినిమాగా పాడుచేస్తున్నారని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సినిమా హక్కు అమ్ముకున్నంత మాత్రాన కృతిని వికృతం చేసే హక్కు అమ్ముకున్నట్టు కాదని 1986లో ఆ కోర్టు గుర్తించింది. నవలాకారిణికి వున్న యీ రక్ష సినిమా దర్శకునికి లేదు! వికృతం చేసేవాడే చట్టం దృష్టిలో కర్త అయినప్పుడు యెవరి మీద యెవరు ఫిర్యాదు చేస్తారు? 2012 సవరణ నటులకు కొంత హక్కు యిచ్చింది. తమ పేరుకు భంగం కలిగేలా తమ నటనను వక్రీకరిస్తే వాళ్లు అడ్డుకోవచ్చు. ధనుష్ లాంటివారు దాన్ని వాడుకోగలరేమో. వెనక గుంపులో నిలబడి రోజుకూలి తీసుకునే నటుని ముఖం మారిస్తే అతను యే లాయరును పెట్టుకుంటాడు?

2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ, యంత్రంతో తయారైన బొమ్మల మీద ఆ సంగతి కనిపించేలా ముద్ర వెయ్యాలని నియమాల ముసాయిదా ప్రకటించింది. అది ఇంటర్నెట్టులో తిరిగే బొమ్మల కోసం. సర్కారు సర్టిఫికెట్టు తగిలించుకొని హాల్లో ఆడే బొమ్మకు అలాంటి ముద్ర యెందుకు వుండకూడదు? వుండవచ్చనడానికి మన సెన్సారు నియమాల్లోనే సాక్ష్యం వుంది. 1983 నిబంధనల ప్రకారం కోతలు పడిన చిత్రం సర్టిఫికెట్టు మీద, యెడమ వైపు కింది మూల, ఒక త్రికోణం గీసేవారు. "దీన్ని కోశాం" అని సెన్సారు తానే పెట్టుకున్న గుర్తు అది. ఆ త్రికోణం అర్థం ప్రేక్షకుల్లో నూటికి ఒకనికి కూడా తెలియదు, అది వేరే సంగతి. గుర్తు పెట్టాలన్న సిగ్గు మాత్రం వుండేది.

2016లో శ్యాం బెనెగల్ సంఘం, బోర్డు వయసు చెప్పి వూరుకోవాలి గాని కోతలు పెట్టకూడదని సిఫారసు చేసింది. అది అమలు కావాలని మనం అడుగుతూనే వుండాలి. అది అమలయ్యేలోగా, అమలైన తర్వాత కూడా, యీ యంత్రం సంగతి వేరుగా తేల్చవలసి వుంది. దేశంలోకి వచ్చే ప్రతి చిత్రమూ వచ్చిన రూపంలోనే ఒక ప్రతి పుణె ఫిల్మ్ ఆర్కైవులో పడివుండాలి. అడిగినవారు చూసి పోల్చుకోగలగాలి. నాలుగో సెక్షనులో వున్న మార్పులు అనే మాటకు, మనిషి ముఖమూ గొంతూ పెదవీ మార్చడం దాని కిందికి రాదని వివరణ రాయాలి. దర్శకుడూ నటుడూ కాగితం మీద ఒప్పుకోకుండా యే పంపిణీదారూ వాటిని ముట్టుకోకూడదు. ఒప్పుకొని మార్చినా సరే, మార్చిన చిత్రం మొదట్లో, సర్టిఫికెట్టు చూపే ఆ పది సెకన్లలోనే, యే దృశ్యంలో యేది మార్చారో రాసి చూపాలి. రాసేది త్రికోణాలతో కాదు, ఇంగ్లీషుతోనూ కాదు. తెలుగు నేల మీద ఆడే ప్రతి చిత్రానికీ తెలుగులో రాయాలి, గిద్దలూరు హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఆనేటంత పెద్ద అక్షరాలతో.